పాప కబురుకు రెండు పక్షాలు

అమెరికా నౌకాదళానికి చెందిన ఆ జలాంతర్గామిలో క్రమశిక్షణకు ఏ లోటూ లేదని ముందుగా మనవి. సిబ్బంది మొత్తం ఒకే సినిమాను నలభై ఒక్కసారి చూశారు. సముద్రం అడుగున కెప్టెనూ, డిప్యూటీ ఇద్దరూ పెత్తనం కోసం కొట్టుకునే సినిమా అది. అప్పట్నుంచి భోజనాల దగ్గర కెప్టెన్ పక్షం ఓ వైపు, డిప్యూటీ పక్షం ఓ వైపు కూర్చునేవారు. వంటవాడు వెర్నన్ టటిల్ మాత్రం రెండు వైపులా ఒకేలాంటి పిజ్జా వడ్డించేవాడు. పాపం, లోకజ్ఞానం తక్కువ.

గస్తీ మొదలైన నలభయ్యో రోజున వెర్నన్‌కి భార్య దగ్గర్నుంచి కబురొచ్చింది. "కాన్పయింది. నేను బాగున్నాను. పాప" అని ఉంది. అంతే, అక్కడితో సరి! మధ్యలో తెగిపోయిందో, పైవాళ్లు కత్తిరించారో! సముద్రంలో ఉన్నవాడికి చెడ్డకబురు అందనివ్వకపోవడం ఆ దళం వారి దయగల నియమం. పాపకేమైందోనని వెర్నన్ కెప్టెన్, డిప్యూటీల దగ్గరికి పరిగెత్తాడు.

"కాస్త పైకెళ్లి యాంటెన్నా ఎత్తితే మిగతాది తెలుస్తుంది కదండీ," అని బతిమాలాడు.

"తప్పకుండా! ఇది మానవత్వానికే పరీక్ష!" అన్నాడు డిప్యూటీ బ్రూస్టర్.

కెప్టెన్ హాల్డెన్‌కి నిజానికి ఏ అభ్యంతరమూ లేదు. కానీ డిప్యూటీ ముందే సరేనన్నాడు. "ఇక్కడ కెప్టెన్ నేనా, నువ్వా? పైకెళ్లేది లేదు!" అని గర్జించాడు.

మూడు రోజులు మహోపన్యాసాలు సాగాయి. బాధ్యత గురించి, దేశం గురించి, చరిత్ర గురించి మాట్లాడారు. పాప ఊసు ఒక్కరూ ఎత్తలేదు. నాలుగో రోజు కెప్టెన్ డిప్యూటీని అరెస్టు చేయించాడు. డిప్యూటీ కెప్టెన్‌ని అరెస్టు చేయించాడు. బంధించడానికి ఉన్నది ఒక్కటే గది కాబట్టి ఇద్దరినీ అందులోనే పెట్టారు. రెండు పక్షాలూ తలుపు బయట కాపలా కూర్చున్నాయి.

జలాంతర్గాముల్లో ఒక ఆచారం ఉంది. ఆజ్ఞ వినగానే దాన్నే గట్టిగా తిరిగి చెప్పి, పని చేసేయాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. వెర్నన్ పిండి చేతులతోనే వెళ్లి, చుక్కాని పట్టిన డ్వైట్ వెనక నిలబడ్డాడు.

"పైకి పోనీ!"

"పైకి పోనిస్తున్నాను, సార్!" అన్నాడు డ్వైట్. పైకి చేరాక తిరిగి చూసి, "ఓరి నీ దుంపతెగ, నువ్వా!" అన్నాడు.

కబురు పూర్తిగా అందింది. "పాప కూడా బాగుంది. అన్నీ నీ పోలికలే, ఏం చేస్తాం!" వెర్నన్ అక్కడే చతికిలబడి భోరున ఏడ్చాడు.

తర్వాత విచారణ జరిగింది. దృఢ నాయకత్వానికి గాను కెప్టెన్‌కీ డిప్యూటీకీ చెరో పతకం ఇచ్చారు.

"నువ్వెవరి పక్షం?" అని వెర్నన్‌ని అడిగారు.

"మా పాప పక్షం సార్."

పక్షం లేని మనిషి నౌకకు ప్రమాదకరమని రాసి అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. పాపకి ఏం పేరు పెట్టావని ఆ పెద్దల్లో ఒక్కరూ అడగలేదు. మీరూ అడగలేదు లెండి. తప్పు కెప్టెన్‌దా, డిప్యూటీదా అని తేల్చుకునే పనిలో ఉన్నారు కదా, కానివ్వండి.