పురుషోత్తం గారి కాఫీ సందేహాలు

పురుషోత్తం ఫిల్టరు పైగిన్నెలో కాఫీ పొడి వేసి, చెంచాతో అణచి, మరిగిన నీళ్లు సన్నటి ధారగా పోస్తున్నాడు. ఆ పూట అతని కార్యక్రమం పెద్దదేమీ కాదు. రెండో శనివారం, కాలేజీకి సెలవు. కాఫీ తాగాలి, క్షవరం చేయించుకోవాలి, గ్యాసు పొయ్యి బర్నరు కడగాలి, ఆ తర్వాత ఆదివారం కోసం ఎదురుచూడాలి. ఆదివారం వచ్చాక సోమవారం కోసం ఎదురుచూడాలి.

తెనాలి చెంచుపేటలో ఒక మేడ మీద రెండు గదుల పోర్షనులో అతనొక్కడే ఉంటాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా అతనికి యాభై దాటాక మానేశారు. తల్లి నిరుడు పోయింది. ఉద్యోగం బాపట్లలో ఒక కాలేజీ గ్రంథాలయంలో. అక్కడ గోడ మీద 'నిశ్శబ్దం' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. రోజూ రైల్లో వెళ్లి, ఆ గోడ చెప్పిన మాట విని, మళ్లీ రైల్లో తిరిగి వస్తాడు. డికాక్షను మాత్రం ఇప్పటికీ ఇద్దరికి సరిపడా దిగుతుంది. చేతికి ఆ కొలత అలా పడిపోయింది. రెండో గ్లాసు సాయంత్రం వెచ్చబెట్టుకుంటాడు.

నీళ్లు సగం పోశాడో లేదో ఫోను మోగింది.

"నమస్తే అండి, పురుషోత్తం గారేనా? నా పేరు చందన అండి, హరితశిఖర కాఫీ తోటల ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. టిఫిన్ చేశారా సార్?"

చేతిలో గిన్నె అలాగే పట్టుకుని అతను ఆ ప్రశ్న గురించి ఆలోచించాడు. టిఫిన్ చేశావా అని తనను ఎవరైనా అడిగి ఎంతకాలమైందో గుర్తురాలేదు.

"లేదమ్మా, ఇంకా కాఫీయే కాలేదు."

"అయితే మంచి టైముకే చేశాను సార్! మాది కాఫీ సంగతే," అని ఆ పిల్ల నవ్వింది. తర్వాత గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది. కొడగు కొండల మీద, ఎప్పుడూ వానలు కురిసే పెద్ద అడవి పక్కనే వాళ్ల తోట. అందులో వాటా కొంటే ఏటా పంటలో భాగం వస్తుంది, అక్కడి గెస్ట్‌హౌసులో రెండు రోజులు ఉండి రావచ్చు, ఇంటికి కాఫీ పొడి పంపుతారు. కొనేముందు బస్సులో ఉచితంగా తీసుకెళ్లి చూపిస్తారు కూడా.

పురుషోత్తానికి కాఫీ తోట కొనే ఉద్దేశం ఏ కోశానా లేదు. కుండీలో పెట్టిన కరివేపాకు మొక్కే అతని చేతిలో బతకలేదు. 'వద్దమ్మా' అనబోయాడు. అంటే ఆ పిల్ల ఫోను పెట్టేస్తుంది. 'సరే' అన్నా పని అయిపోయి పెట్టేస్తుంది. అందుకని ఆ రెండిటికీ మధ్య ఉన్న మాట అన్నాడు.

"చూద్దామమ్మా."

"సందేహాలుంటే అడగండి సార్, చెప్తాను."

అతనికి ఒక్క సందేహమూ లేదు. ఐనా మర్యాదకు ఒకటి వెతికి పట్టుకున్నాడు. "అడవి పక్కనంటున్నావు. ఏనుగులు రావూ?"

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడైంది. "కనుక్కుని రేపు సాయంత్రం చెప్తానండి. ఉంటాను సార్."

రేపు సాయంత్రం చెప్తానంది. పురుషోత్తం మిగతా నీళ్లు పోశాడు. ఆ రోజు డికాక్షను చక్కగా దిగింది.

ఏనుగులు వస్తాయిట, పనసపండ్ల కోసం. కానీ కంచె ఉందిట. ఆ జవాబుతో ఆ సందేహం తీరిపోయింది గనక పురుషోత్తం వెంటనే ఇంకొకటి అడగాల్సి వచ్చింది. జెలగలుంటాయా? చెట్టు వేసిన ఎన్నేళ్లకు కాపు వస్తుంది? పూత మీద వాన పడితే మంచిదా, చెడ్డదా? రోజుకొకటి చొప్పున అడిగేవాడు. దానికోసం గ్రంథాలయంలో ఎన్నేళ్లుగానో ఎవరూ తెరవని తోటల పెంపకం బీరువా తాళం తీశాడు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని మర్నాటి సందేహం తయారు చేసుకునేవాడు. చందన ఆఫీసు కట్టేసి రేపల్లె రైలు ఎక్కేముందు ఫోన్ చేసేది. వాళ్లది రేపల్లె. రెండో వారానికల్లా 'సార్' పోయి 'బాబాయి గారూ' అయింది.

"నిజం చెప్పొద్దూ, నేను చూసిన కొండ మంగళగిరి కొండొక్కటే బాబాయి గారూ. మీరడిగేవన్నీ మా మేనేజరు గారిని అడుగుతున్నాను. ఆయన నన్ను తినేసేలా ఉన్నారు."

"పోనీ మానేస్తానమ్మా."

"అయ్యో, అడగండి! నాకూ తెలుస్తున్నాయి కదా. ఉంటానండి."

పురుషోత్తం దగ్గర పుస్తకాల్లోని సందేహాలు అయిపోవచ్చాయి. ఇక తప్పనిసరై ఒక సాయంత్రం కింద పోర్షనులో ఉండే ఇంటి యజమాని వెంకట్రామయ్యను కదిపాడు. ఆయనకు కొల్లిపర దగ్గర వరిపొలం ఉంది. "కొండ వాలులో నేలకు ఎరువు వేస్తే వానకు కొట్టుకుపోదాండీ?" అని అడిగాడు.

మర్నాడు పొద్దున్నే వెంకట్రామయ్య మెట్లెక్కి వచ్చాడు. ఆయన ఆ మెట్లు ఎక్కడం అద్దె పెంచడానికి తప్ప ఎప్పుడూ జరగలేదు.

"ఏంటి పురుషోత్తంగారూ, తోట కొంటున్నారంట? మాటమాత్రం చెప్పలేదేంటండీ?"

"కొనడం లేదండి. సందేహాలు అడుగుతున్నానంతే."

"సందేహాలున్నాయంటే కొంటున్నట్టేగా! కొననోడికి సందేహాలెందుకండీ?"

ఈ ప్రశ్నకు పురుషోత్తం దగ్గర జవాబు ఉంది. కానీ అది ఇంకొకరికి చెప్పుకోగలిగింది కాదు. అతను నసిగాడు. నసిగేసరికి వెంకట్రామయ్యకు నమ్మకం కుదిరింది. సాయంత్రానికి ఆయన భార్య సీతారావమ్మ ద్వారా వీధంతా తెలిసింది. అంత నిదానస్తుడు, తూకం వేసి గాని కూరగాయలు కొనని మనిషి, గుట్టుగా కాఫీ తోట కొంటున్నాడు!

ఆ రోజు చందన ఫోన్ చేసే వేళకు గదిలో ఏడెనిమిది మంది ఉన్నారు. ఎదురింటి రిటైర్డు హెడ్మాస్టరు పాండురంగారావు తన కుర్చీ తానే తెచ్చుకున్నాడు. "స్పీకర్లో పెట్టండి, మేమూ విందాం," అన్నాడు. పెట్టక తప్పలేదు. ఒకరు నీళ్ల సంగతి అడిగారు, ఒకరు రోడ్డు సంగతి. సీతారావమ్మ పకోడీలు వేసి తెచ్చి, "అక్కడ పాలు దొరుకుతాయా అమ్మాయ్?" అని అడిగింది. చందన అందరినీ టిఫిన్ అయిందా అని కనుక్కుని, ఓపిగ్గా జవాబులు చెప్పింది. మర్నాడూ వచ్చారు. ఆ పై రోజూ వచ్చారు. పురుషోత్తం బజారుకు వెళ్లి పెద్ద ఫిల్టరు కొన్నాడు. కాఫీ కలుపుతుంటే గదిలో నలుగురి గొంతులు ఒక్కసారి వినబడేవి. ఈ అబద్ధం సంగతి రేపు బయటపెట్టేద్దామని ప్రతి రోజూ అనుకునేవాడు. అబద్ధం కూడా కాదది. తను అసలేమీ చెప్పనే లేదు.

వానాకాలం చివర్లో ఒక గురువారం, వీధి వీధంతా తోట చూడడానికి కంపెనీ బస్సెక్కింది. తాను రానని పురుషోత్తం అన్నాడు గాని, "మీరు లేకుండా మేమేం చూస్తాం?" అని సీతారావమ్మ అతని సంచి లాక్కుపోయి సీట్లో పెట్టింది.

బస్సు ముందు భాగంలో మైకు పట్టుకుని ఒక బక్కపల్చటి పిల్ల నిలబడి ఉంది. గొంతు విన్నాక గానీ చందన అని అతను పోల్చుకోలేదు. "బాబాయి గారూ, టిఫిన్ చేశారా?" అని వెంకట్రామయ్యను అడిగింది. "పిన్ని గారూ, టిఫిన్ చేశారా?" అని సీతారావమ్మను అడిగింది. అలా వరసలన్నీ దాటి అతని దగ్గరికొచ్చి, అదే గొంతుతో, అదే నవ్వుతో, అదే మాట అడిగింది. చేశానమ్మా అన్నాడు. ఒక మంచి పుస్తకం అడిగిన ప్రతివాడి చేతికీ వెళుతుందని గ్రంథాలయంలో పనిచేసేవాడికి ఒకరు చెప్పాలా? కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ రాత్రీ, మర్నాడు చాలాసేపూ ప్రయాణం చేసి కొండల మీదికి చేరారు. మంచులో, చినుకుల్లో, పెద్ద పెద్ద చెట్ల కింద నడుములోతు పచ్చని మొక్కలు. చెట్లకు మిరియపు తీగలు పాకి ఉన్నాయి. వెంకట్రామయ్య బస్సు దిగి, పంచె పైకి కట్టి, అన్ని వైపులా చూశాడు.

"గట్లేవి?"

తోట చూపించే మనిషికి అర్థం కాలేదు.

"గట్లయ్యా! నీళ్లు పెడితే నిలిచేదెక్కడ? నేలంతా జారిపోతా ఉంది. ఇంత నీడలో పైరెలా పండుద్ది? ముందు ఈ చెట్లన్నీ కొట్టించాలి."

"కాఫీకి నీడ కావాలండి," అంది చందన.

"పైరుకి ఎండొద్దా? ఎవరికి చెప్తావమ్మా!"

ఈలోగా సీతారావమ్మ కెవ్వుమంది. కాలి వేళ్ల మధ్య జెలగ. "ఇదేంటమ్మా, ఇక్కడ జెలగలు నేల మీద నడుస్తున్నాయి! మా కాలవల్లో జెలగలు నీళ్లలోనే ఉంటాయి. వాటికో పద్ధతుంది!"

ఆ గొడవలోంచి తప్పుకుని పురుషోత్తం తోట చివరకు నడిచాడు. కంచె అవతల అడవి. లోపలంతా చీకటి. వాన ఆగినా ఆకుల మీంచి ఆకుల మీదికి నీళ్లు పడుతూనే ఉన్నాయి. చందన కూడా వచ్చి పక్కన నిలబడింది.

"ఇంత పెద్దదా బాబాయి గారూ! అంతా చూసినదానిలా ఫోన్లో చెప్పేశాను."

"బాగానే చెప్పావమ్మా. నాకు ఇలాగే కనిపించింది."

ఆమె అతని వైపు తిరిగి ఏదో అనబోయింది. గెస్ట్‌హౌసు నుంచి మేనేజరు రాజ్ కుమార్ కేక వేశాడు.

మేనేజరు బొమ్మలు చూపించి, మాట్లాడి, చివరికి కాగితాలు బల్ల మీద పరిచాడు. ఒక్కరూ కదల్లేదు. ఒకరి తర్వాత ఒకరు సందేహాలు అడిగారు. ఏనుగులు, జెలగలు, పూత మీద వాన, కొట్టుకుపోయే ఎరువు. అన్నీ పురుషోత్తం సందేహాలే. చందన జవాబు చెప్పిన కొద్దీ ఇంకొకటి లేచింది. ఆఖరికి రాజ్ కుమార్ ఆమెను వరండాలోకి పిలిచాడు. తలుపు పక్కన కూర్చున్న పురుషోత్తానికి ప్రతి మాటా వినబడింది.

"వీళ్లకీ డౌట్లన్నీ ఎవరు నేర్పారు? రోజూ నువ్వు వచ్చి నన్నడిగినవేగా ఇవి? ఒక్క సంతకం లేకుండా బస్సు తిరిగెళ్తే సోమవారం నుంచి నువ్వు ఆఫీసుకి రానక్కర్లేదు."

చందన పురుషోత్తం పేరు చెప్పలేదు. చెప్పులకు అంటిన మట్టి వైపు చూస్తూ నిలబడింది.

పురుషోత్తం లేచాడు. బాపట్లలో కాలేజీకి దగ్గరగా ఇల్లు తీసుకుందామని దాచుకున్న సొమ్ము ఒకటుంది. "నేను తీసుకుంటానండి," అన్నాడు.

వెంకట్రామయ్య నోరు తెరిచాడు. "మరి ఏనుగులో?"

"వస్తే రానివ్వండి."

"జెలగలు?"

"ఉంటాయండి. వాటి ఊరది."

అతను సంతకం పెట్టాడు. పాండురంగారావు కళ్లజోడు సవరించుకుని పక్కవాళ్ల చెవిలో అన్నాడు: "ఇన్ని సందేహాలున్న మనిషే కొన్నాడంటే, మనకి తెలియందేదో ఇతనికి తెలిసిందన్నమాట." ఆ మాట వరండా దాకా పాకింది. కాసేపటికి బల్ల దగ్గర తోపులాట మొదలైంది. వెంకట్రామయ్య రెండు వాటాలు తీసుకున్నాడు, నీడ తక్కువున్న వైపు ఇవ్వాలన్న షరతు మీద.

బస్సు తెనాలి చేరింది. మర్నాటి సాయంత్రం పురుషోత్తం పెద్ద ఫిల్టరు నిండా డికాక్షను దించి కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. అందరి సందేహాలూ తీరిపోయాయి. ఫోనూ మోగలేదు. రెండు రోజులు చూసి తనే చేశాడు. "కొనుగోలు చేసినందుకు ధన్యవాదాలు," అని రికార్డు చేసిన గొంతు ఒకటి చెప్పింది. అది టిఫిన్ సంగతి అడగలేదు. పెద్ద ఫిల్టరు అటక మీద పెట్టేశాడు.

ఒక ఆదివారం పొద్దున చందన మెట్లెక్కి వచ్చింది. వాటా కాగితాలు, కాఫీ పొడి పొట్లం బల్ల మీద పెట్టింది.

"మీ వల్ల నా ఉద్యోగం నిలబడింది బాబాయి గారూ. మీ వీధి మొత్తం నా ఖాతాలోనే వేశారు."

"మరి ఫోన్..."

"కొన్నవాళ్ల పేర్లు మా దగ్గర్నించి తీసేస్తారండి. కొత్తవాళ్లకే చెయ్యాలి."

ఇద్దరికి సరిపడా డికాక్షను ఉంది. అతను పాలు కాచి, రెండు గ్లాసులూ నింపి, ఒకటి ఆమె ముందు పెట్టాడు. ఆ రెండో గ్లాసు పొద్దుటి పూటే ఒకరి చేతిలోకి వెళ్లడం నిరుటి తర్వాత ఇదే.

చందన ఒక గుక్క తాగి, అలవాటు కొద్దీ అడిగింది. "ఇంకేమైనా సందేహాలున్నాయా బాబాయి గారూ?"

ఉంది. ఒకటుంది. ఏ పుస్తకంలోనూ లేనిది, ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోనిది. మళ్లీ ఎప్పుడొస్తావమ్మా అని. పురుషోత్తం గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

ఆమె ఫోను మోగింది.

"నమస్తే అండి! టిఫిన్ చేశారా సార్?" అంది చందన. ఆ తర్వాత వింటూ ఉండిపోయింది. వింటూనే గోడ గడియారం చూసింది. రేపల్లె రైలుకు వేళవుతోంది. వింటూనే కాఫీ సగంలో వదిలి సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర అతని వైపు చూసి తల ఊపింది. ఉంటానండి అనడానికి కూడా అవతలి మనిషి సందు ఇవ్వలేదు. ఫోను చెవికి ఆనించుకుని, మాట్లాడకుండా, మెట్లు దిగి వెళ్లిపోయింది.

అవతల ఉన్నది ఎవరో గాని, సందేహాలు బాగా ఉన్న మనిషే.