ఆరు పరుగుల కుర్చీ

ఆ శనివారం పొద్దున ఫ్లోరియన్ గ్రబోవ్‌స్కీ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఒంటిగంటకు క్లబ్బులో టీవీ ముందు కూర్చోవాలి. మూడింటికి లేవాలి. నాలుగింటికి చర్చి హాల్లో భార్యతో కలిసి పోల్కా పోటీలో నాట్యం చేయాలి. క్లబ్బు నుంచి చర్చికి తాపీగా నడిచినా పది నిమిషాలే. రైలింజన్ల ఫ్యాక్టరీలో నలభై మంది చేత వేళకు పని చేయించే ఫోర్‌మన్‌కు ఇదేమంత పెద్ద విషయం కాదు.

"ఇవాళే బేస్‌బాల్ ఆఖరి ఆట. ఛాంపియన్ ఎవరో తేలిపోయే రోజు. అది చూడకపోతే సోమవారం ఫ్యాక్టరీలో ఎవడి ముఖమూ చూడలేను" అన్నాడు కోడిగుడ్డు మీద మిరియాలు చల్లుకుంటూ.

"ఇవాళ పోటీకి రాకపోతే నా ముఖం చూడగలవా?" అంది జెనెవీవ్.

"మూడింటికి లేస్తానని చెప్పానుగా!"

"అయితే ఆ తెల్లబూట్లు వేసుకునే వెళ్ళు. మళ్ళీ ఇంటికొచ్చి మార్చుకుంటానంటే తెల్లారిపోతుంది."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో జెనెవీవ్ నోరు తెరిచి అడిగినవి చాలా తక్కువ. చర్చి పండుగలో ఏటా జరిగే పోల్కా పోటీలో ఒక్కసారి దిగాలన్నది వాటిలో ఒకటి. ఏటా ఏదో వంక చెప్పి తప్పించుకుంటూ వచ్చిన ఫ్లోరియన్, ఈ ఏడు ఎందుకో మెత్తబడ్డాడు. వేసవంతా ఇంటి కింద నేలమాళిగలో గ్రామఫోను పెట్టుకుని ఇద్దరూ సాధన చేశారు. మొదట్లో అతను భార్య కాలివేళ్ళను తొక్కని రోజు లేదు. సెప్టెంబరు వచ్చేసరికి మోకాళ్ళు మొరాయిస్తున్నా అడుగులు మాత్రం దారిలో పడ్డాయి. ఆమె ఆకుపచ్చ గౌను ఒకటి కుట్టుకుని, ఇంకా వేసుకోకుండా తలుపు వెనక వేలాడదీసి, వస్తూ పోతూ చూసుకుంటోంది.

క్లబ్బులో ఫ్లోరియన్ బావమరిది క్లెమ్ అప్పటికే బీరు గ్లాసుతో సిద్ధంగా ఉన్నాడు. జెనెవీవ్‌కు తమ్ముడు. పెళ్ళి కాలేదు. ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు కాబట్టి ఎప్పుడు దేనికి నవ్వుతున్నాడో ఎవరికీ అంతుపట్టదు.

"ఏం బావా, బూట్లు మెరిసిపోతున్నాయి! ఆట చూడ్డానికొచ్చావా, ఆడ్డానికొచ్చావా?"

"నోరు మూసుకుని పందెం సంగతి చెప్పు."

పెద్ద సరస్సు ఒడ్డునున్న ఎరీ పట్టణంలో మగవాళ్ళు డబ్బు కన్నా గట్టిగా కాసే పందెం ఒకటుంది. చలికాలమంతా సరస్సు మీంచి వచ్చిపడే మంచును ఓడినవాడు గెలిచినవాడి ఇంటి ముందు నుంచి పార పట్టి ఎత్తిపోయాలి. కిందటేడు ఓడిపోయి రెండిళ్ళ మంచూ ఎత్తిపోసిన ఫ్లోరియన్‌కు ఆ నడుం నొప్పి జూన్ దాకా వదల్లేదు. అందుకే ఈసారి ఎవరు గెలుస్తారన్న దాని మీద పందెం వద్దనుకున్నాడు. రెండు జట్లలోనూ బంతి విసిరేవాళ్ళు గట్టివాళ్ళు. పరుగులు రావడం కష్టం.

"రెండు జట్ల పరుగులూ కలిపితే ఆరుకు మించవు" అన్నాడు.

"ఏడుకు తగ్గవు" అన్నాడు క్లెమ్. చేతులు కలిపారు. బీరు పోస్తున్న లొరెట్టా సాక్ష్యం.

ఆట మొదలయ్యాక ఫ్లోరియన్ అంచనా అక్షరాలా నిజమవుతూ వచ్చింది. మనవాళ్ళు ముక్కుతూ మూలుగుతూ మూడు పరుగులు చేశారు. అవతలివాళ్ళు సున్నా. ఏడు ఇన్నింగ్స్ గడిచాయి. ఎనిమిదోది నడుస్తుండగా గోడ గడియారం మూడు కొట్టింది. ఫ్లోరియన్ అన్న మాట ప్రకారం లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. తలుపు దాకా వెళ్ళాడు కూడా. ఇది గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తర్వాత చాలాకాలం అతను దీన్ని గుర్తు చేసుకుంటూనే ఉన్నాడు.

అతని చెయ్యి తలుపు మీద పడగానే టీవీలో ఫట్‌మని శబ్దం వచ్చింది. ఇద్దరు బేసుల మీదుండగా అవతలివాడు కొట్టిన బంతి ప్రేక్షకుల్లోకి ఎగిరిపోయింది. ఒక్క దెబ్బకు మూడు పరుగులు. మూడు మూడు.

క్లబ్బంతా ఒక్కసారి మూలిగింది. తర్వాత ఒక్కొక్క తలే ఫ్లోరియన్ వైపు తిరిగింది.

"వీడు లేచాడురా" అన్నాడు రోమన్. రోమన్ తలుపులకు అడ్డంగా నిలబడితే గాలి కూడా లోపలికి రాదు. "ఏడు ఇన్నింగ్స్ వాడు ఆ కుర్చీలో ఉన్నంతసేపూ అవతలివాళ్ళకి ఒక్కటి రాలేదు. లేచాడు, మూడొచ్చాయి!"

"నేను వెళ్ళాలిరా, నాట్యం..."

"నాట్యమా! ఛాంపియన్ పట్టం పోతుంటే నాట్యమా!"

నలుగురు కలిసి అతన్ని తెచ్చి కుర్చీలో కూలేశారు. మరుక్షణమే అవతలి ఆటగాడు అవుటయ్యాడు. ఇక చెప్పేదేముంది! బేస్‌బాల్ చూసేవాళ్ళకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. గెలుస్తున్నన్నాళ్ళు చొక్కా ఉతకనివాళ్ళూ, గడ్డం గీయనివాళ్ళూ ఆ గదిలో సగం మంది ఉన్నారు. నిజం చెప్పాలంటే ఫ్లోరియన్‌కు కూడా ఒళ్ళు జలదరించింది. మూడూ మూడూ ఆరు. తను లేస్తే పరుగొస్తుంది. పరుగొస్తే ఏడు. ఏడైతే చలికాలమంతా పార.

అప్పుడు క్లెమ్ గ్లాసు ఖాళీ చేసి, తీరిగ్గా కోటు తొడుక్కున్నాడు.

"నాకింక ఇక్కడ పని లేదు. ఇంటికెళ్ళి స్నానం చేసి పోటీకెళ్తా. నువ్వూ లే బావా. నువ్వు కూర్చున్నా ఒకటే, నిలబడ్డా ఒకటే. అక్క ఎదురుచూస్తుంటుంది."

"అబ్బ, ఎంత ప్రేమరా అక్క మీద!" అన్నాడు ఫ్లోరియన్. "నన్ను లేపి పరుగు తెప్పించుకుందామనా? నేను నిన్న పుట్టాననుకున్నావా?"

"లేపకు, లేపకు!" అని గదంతా క్లెమ్ మీద విరుచుకుపడింది. క్లెమ్ ఏదో చెప్పబోయి, ఆ అరుపులకు భుజాలెగరేసి, నవ్వుతూ వెళ్ళిపోయాడు. వాడికి భయం పట్టుకుందనీ, ఓటమి చూడలేక పారిపోయాడనీ ఫ్లోరియన్ నిర్ణయించుకున్నాడు.

మామూలుగా ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఎవరూ పరుగు చేయలేదు.

"సమం!" అని రోమన్ బల్ల గుద్దాడు. "ఎవడో ఒకడు గెలిచేదాకా ఇళ్ళకు పోయేది లేదు! ఫ్లోరియన్, నువ్వు కదిలావంటే చూడు!"

"దేవుడా, ఇంక పరుగులేమీ రాకుండా ఈ ఆట ముగిసిపోవాలి" అని ఫ్లోరియన్ మనసులో దండం పెట్టుకున్నాడు. దేవుడు ఈ ప్రార్థన విని ఏమనుకున్నాడో తెలియదు.

నాలుగుకు కాస్త ముందు ఫోను మోగింది. ఆ క్లబ్బులో కౌంటరు వెనక నిలబడేవాళ్ళకు తరతరాలుగా ఒక ధర్మం ఉంది: ఫోను చేసింది భార్య అయితే భర్త అక్కడ లేనట్టే. లొరెట్టా తన ధర్మం తాను నిర్వర్తించింది.

"మీ ఆవిడ జెన్. ఇప్పుడే బయల్దేరావని చెప్పాను" అంది ఫోను పెట్టేసి.

"బతికించావు. ఇంకొక్క ఇన్నింగ్స్ అంతే" అన్నాడు ఫ్లోరియన్.

పదో ఇన్నింగ్స్ అయింది. పదకొండోదీ అయింది. స్కోరు కదల్లేదు, ఫ్లోరియన్ కూడా కదల్లేదు. ఫోను మళ్ళీ మోగింది.

"నువ్వింకా రాలేదంటోంది" అంది లొరెట్టా.

"ఇక్కడే ఉన్నానని చెప్పేయాల్సింది."

"ఎలా చెప్తాను? బయల్దేరావని ఇందాకే చెప్పానుగా. నా మాటకి విలువుండాలా వద్దా? అయ్యో, దారిలో ఏమన్నా అయిందేమో అన్నాను."

"ఏమిటీ!"

"కంగారుపడకు. ముందు ఆస్పత్రికి ఫోను చేసి కనుక్కోమన్నాను."

ఫ్లోరియన్ కుర్చీలోంచి అంగుళం లేచాడు. టీవీలో అవతలివాడు మొదటి బేస్ చేరాడు. రోమన్ చెయ్యి భుజం మీద పడింది. ఫ్లోరియన్ ఆ అంగుళమూ కిందికి దిగిపోయాడు. తలుపు వెనక వేలాడిన ఆకుపచ్చ గౌను కళ్ళ ముందు మెదిలింది. ఇప్పుడు జెనెవీవ్ దాన్ని తొడుక్కుని హాలు గుమ్మంలో నిలబడి ఉంటుంది. కానీ అప్పటికే ఎటూ ఆలస్యమైపోయింది, ఇంత కూర్చుని ఇప్పుడు లేస్తే రెంటికీ చెడ్డట్టే కదా అనిపించింది. మనిషి తన తప్పును ఇంకాస్త పెద్దది చేసుకోవడానికి ఇంతకన్నా మంచి కారణం ఎప్పుడూ దొరకదు.

మూడోసారి ఫోను మోగినప్పుడు లొరెట్టా ముఖం పాలిపోయింది. ఒక్క ముక్క మాట్లాడకుండా రిసీవరు టక్కున పెట్టేసింది.

"ఎవరు?"

"ఫాదర్ యూజీన్. నువ్వు ప్రాణాలతో ఉన్నావా అని అడిగాడు. ఫాదర్‌తో అబద్ధమెలా చెప్తాను? అందుకని పెట్టేశాను."

పద్నాలుగో ఇన్నింగ్స్‌లో ఫ్లోరియన్ ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తూ, రెండు కాళ్ళూ నేలకు అతికించుకుని, రాతి విగ్రహంలా కూర్చుని ఉండగా, అవతలి జట్టులోని బక్కపలచటి కుర్రాడొకడు బంతిని గోడ మీంచి దాటించాడు. నాలుగు మూడు. ఆట అయిపోయింది.

తలలన్నీ మళ్ళీ ఫ్లోరియన్ వైపు తిరిగాయి.

"అసలు వీణ్ణి ఆ కుర్చీలో కూర్చోమన్న దరిద్రుడెవడ్రా?" అన్నాడు రోమన్.

ఫ్లోరియన్ పరుగెత్తాడు. మోకాళ్ళు ఒప్పుకోకపోయినా పరుగెత్తాడు. దారి పొడుగునా తనకు తానే చెప్పుకున్నాడు: ఒక్క పరుగు, వెంట్రుకవాసిలో పోయింది, ఎవరికైనా ఇలాగే జరిగేది. హాలు తలుపు తోసేసరికి ముందు వరసలోని, చెవులు సరిగా వినపడని ముసలమ్మ ఒకావిడ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

"నడుస్తున్నాడు!" అంది పక్కావిడతో.

ఫాదర్ యూజీన్ ఎదురొచ్చి అతన్ని ఆపాదమస్తకం పరిశీలించాడు. "నీ క్షేమం కోసం హాలంతా మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేశాం, నాయనా. సగంలో క్లెమ్ వచ్చి, మా బావ క్లబ్బులో కుర్చీలో భద్రంగా ఉన్నాడన్నాడు. ఆమెన్ అనాలో వద్దో నాకూ తోచలేదు."

"పోటీ?"

ఫాదర్ వేదిక వైపు చూపించాడు. అక్కడ ఆకుపచ్చ గౌనులో జెనెవీవ్, చేతిలో నీలం రిబ్బను కట్టిన కప్పు. పక్కన చెమటలు కక్కుతూ క్లెమ్. చిన్నప్పుడు వంటింట్లో వాళ్ళమ్మ ఇద్దరికీ కలిపే నేర్పిందట పోల్కా. జెనెవీవ్ ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూడగానే ఫ్లోరియన్‌కు ఏడుపొచ్చినంత పనైంది. వేసవంతా అతను ఆ ముఖం కోసమే గదా కాళ్ళు అరగదీసుకున్నది! తీరా అది వెలిగే వేళకు అతను టీవీ చూస్తున్నాడు.

అతన్ని చూసి ఆమె కిందికి దిగొచ్చింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఒక్క పరుగు, జెన్" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి. "ఆఖరి బంతి దాకా పందెం నాదే. మూడూ మూడూ మీద సమంగా ఉంది. ఆరు! ఇంక ఒక్కటి రాకుండా ఉంటే గెలిచేవాణ్ణి."

"సమంగా ఉంటే ఆట ఆపేస్తారా?"

"ఎలా ఆపుతారు! ఎవడో ఒకడు ఇంకో పరుగు చేసి గెలి..."

లెక్కపెడుతున్నట్టు పెదవులు కదిలాయి, వేళ్ళు కూడా. మూడూ మూడూ ఆరు. ఎవడో ఒకడికి ఇంకొకటి.

"క్లెమ్ చెప్పాడు" అంది జెనెవీవ్ మెల్లగా. "మూడింటికి తలుపు దగ్గర ఉన్నావట గదా. ఆ పరుగులొచ్చినప్పుడే పందెం ఓడిపోయావు. తలుపు తీసుకుని వచ్చేస్తే సరిపోయేది."

తలుపు మీద తన చెయ్యి ఫ్లోరియన్‌కు ఇంకా తెలుస్తూనే ఉంది. రెండు గంటలు కూర్చుని అతను కాపాడింది దేన్ని? అప్పటికే పోయినదాన్ని. దానికోసం పోనిదాన్ని పోగొట్టుకున్నాడు.

"తప్పయింది, జెన్. చాలా పెద్ద తప్పయింది."

"సరేలే" అంది ఆమె. ఆ సరేలేలో కోపం లేదు, అలవాటు ఉంది. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

"వచ్చే ఏడాది పోటీకి నేనే ముందు పేర్లిస్తాను. ఇప్పుడే ఇస్తాను. ఫాదర్‌ని పిలువు."

"ఇచ్చేశాను."

"నిజంగానా? మనవేనా?" అన్నాడు ఫ్లోరియన్ ముఖం విప్పార్చుకుని.

"నాదీ, క్లెమ్‌దీ."

అప్పటికింకా అక్టోబరే కాబట్టి, ఈ విషయమై తీరిగ్గా ఆలోచించుకోవడానికి ఫ్లోరియన్‌కు పార పట్టాల్సిన చలికాలంతో కలిపి నిండా ఏడాది సమయం దొరికింది.