వేరు లేని పన్ను, మందు కాని మందు

పంటికి వేరెందుకండీ? కనపడదు, కొరకదు, ఫొటోలో పడదు. అలాంటిది కాస్త అరిగిందని మా పళ్ల డాక్టరమ్మ కంగారు పడటం నాకేమీ నచ్చలేదు. వేరు పొట్టిదైతే, ఊడాల్సిన రోజున పన్ను సులువుగా ఊడుతుంది కదా! ఇది వరం కాక మరేమిటి?

నలభై ఆరేళ్లకు పళ్లకు క్లిప్పులు పెట్టించుకున్న ధీరుణ్ణి నేను. తీగ బిగించినప్పుడల్లా పన్ను జరుగుతుంది. ఆ జరగడంలో ఒక్కోసారి లోపలి వేరు అరుగుతుందట. కొన్ని మందులు వాడితే ఆ అరుగుదలలో తేడా వస్తుందట. అందుకే డాక్టరమ్మ మొదటిరోజే మర్యాదగా అడిగింది, మందేమైనా తీసుకుంటారా అని.

పక్కనే మా ఆవిడ ఉంది. "అబ్బే, నాకా అలవాటు లేదండీ" అన్నాను సగర్వంగా.

డాక్టరమ్మ నవ్వి, ఆ మందు కాదు, జబ్బులకు వాడే మందులంది. అవీ లేవన్నాను.

అబద్ధం కాదు సుమా! నేను మింగేవి మందులు కావు, సప్లిమెంట్లు. ఇది మందు కాదని డబ్బా మీదే అచ్చువేసి ఉంటుంది. అచ్చులో ఉన్నదే నమ్మకపోతే ఇంకేం నమ్ముతాం?

పొద్దున్నే జుట్టుకొకటి. చర్మానికి చేపనూనె గుళిక. ఎముకలకు సుద్దముక్కంత తెల్లబిళ్ల. అది గొంతు దిగేలోగా కాఫీ చల్లారిపోతుంది. జ్ఞాపకశక్తికొకటుంది, అది రోజూ మరిచిపోతాను. దేనికో గుర్తులేనివి ఇంకో నాలుగు. ఇవన్నీ మా అక్క మొగుడు, అంటే మా బావగారు, ప్రేమగా తెచ్చిచ్చినవి. ఇవి చాలవన్నట్టు ఆఫీసులో పక్క సీటాయన ఇచ్చే పచ్చపొడి. దేనికని అడిగితే మంచిదన్నాడు. అంతకంటే ఏం కావాలి!

ఆరు నెలలకు ఎక్స్‌రే తీస్తే ముందరి పన్ను వేరు కురచైంది. ఇంకా బిగిస్తే పన్నుకే మోసం, మూడు నెలలు ఆగుదామని చెప్పి, డాక్టరమ్మ మళ్లీ అదే ప్రశ్న వేసింది. నేను నోరు విప్పేలోగా మా ఆవిడ సంచీ విప్పింది. తొమ్మిది డబ్బాలు!

వీటిలో ఏది పంటికి మేలో, ఏది కీడో తనకే తెలియదనీ, అందుకైనా చెప్పి ఉండాల్సిందనీ డాక్టరమ్మ మందలించింది. ఇవన్నీ ఎవరు వాడమన్నారంది. మా బావగారన్నాను. ఆయన ఏ డాక్టరంది. టైల్స్ షాపన్నాను.

నిజం చెప్పొద్దూ, ఇంటికెళ్లి అద్దంలో ఆ పన్ను చూసుకుంటే ఏడుపొచ్చింది. ముందరి పన్ను కదండీ!

ఆదివారం బావగారు పరామర్శకు వచ్చారు, కొత్త డబ్బాతో. పంటి వేళ్లకు దివ్యంగా పనిచేస్తుందట. మా ఆవిడ గ్లాసుతో నీళ్లు తేలేదు. నేను కూడా జీవితంలో మొదటిసారి మింగకుండా అడిగాను, మీరివన్నీ ఎన్నాళ్లనుంచి వాడుతున్నారు బావగారూ అని.

"నేనా? ఇంకా మొదలుపెట్టలేదు బావా. ముందు నీకెలా పనిచేస్తాయో చూద్దామని ఆగాను."