వద్దు గ్రబర్ వేసిన ఒట్టు

మిల్‌ఫోర్క్ ఊళ్ళో ఓర్విన్ గ్రబర్‌ను అందరూ ‘వద్దు గ్రబర్’ అనేవారు. కొత్త ఫైరింజను అంటే వద్దు, వీధి దీపాలంటే వద్దు, లైబ్రరీకి ఎవరో ఊరికే ఇచ్చిన బల్ల కూడా వద్దే. ముప్ఫై ఏళ్ళుగా ఆయన ఓటు ఇంకో గడిలో పడలేదు.

ఇప్పుడు బడికి కొత్త భవనం కావాలన్నారు. జనం ఓటేసి ఒప్పుకుంటే, దానికోసం ఊరు బాండ్లమ్మి అప్పు తెస్తుంది; ఇరవై ఏళ్ళపాటు ఇంటిపన్నులో కలిపి తీరుస్తారు. ఇల్లెంత ఖరీదైతే వాటా అంత ఎక్కువ. వీధిలోకెల్లా తన ఇల్లే గొప్పదని చెప్పుకు తిరిగే గ్రబర్, ఏడాదికి రెండు వందల పది డాలర్లు అదనమని తెలియగానే అది ఒట్టి కొంప అనడం మొదలుపెట్టాడు.

"మరి పోయినేడు అద్దాల గది కట్టించిందెవరు?" అంది భార్య లొరెట్టా.

"ఎండ కోసం కట్టించాను, పన్ను కోసం కాదు."

"బడి కప్పు కారుతోందయ్యా. పిల్లలు బకెట్ల మధ్య కూర్చుని లెక్కలు చేస్తున్నారు."

"మా రోజుల్లో బకెట్లు కూడా లేవు!"

"అందుకేగా నీకు లెక్కలు రాలేదు."

ఇంటి ముందు గడ్డిలో ఇటు ఆయన ‘వద్దు’ బోర్డు, అటు ఆవిడ ‘కావాలి’ బోర్డు వెలిశాయి. గ్రబర్ తన సగం గడ్డి మాత్రమే కోసి మిషను లోపల పెట్టేశాడు.

ఎన్నిక రోజు పొద్దున ఆయన గొంతులో ఎక్కడలేని తేనె.

"నాదొక ఓటు, నీదొక ఓటు. రెండూ కొట్టేస్తే సున్నా. ఈ చలిలో పోవడం దేనికి? ఇవాళ ఇద్దరం ఓటెయ్యొద్దు."

"సరే, ఇవాళ వెయ్యను. ఒట్టు. నువ్వూ వెయ్యి ఒట్టు."

వేశాడు. చెల్లెలి దగ్గరికి వెళ్తున్నానని ఆవిడ గుమ్మం దాటిందో లేదో, టోపీ కనుబొమల మీదికి లాక్కుని బడికి బయల్దేరాడు. ఓట్లు వేసేది అక్కడే. ఎన్నిక రోజున బడి పిల్లల తల్లులు తలుపు దగ్గర ‘పై’లు, అంటే పళ్ళ గుజ్జు కూరి కాల్చిన తీపి రొట్టెలు, అమ్ముతారన్న సంగతి ఆ కంగారులో మరిచిపోయాడు. బల్ల వెనక ఏప్రన్ కట్టుకుని లొరెట్టా, పక్కన చెల్లెలు.

"ఏమయ్యా, ఇటొచ్చావ్?"

వరుసలో ఉన్న జనమంతా తిరిగి చూశారు. గ్రబర్ టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

"పై... పై కోసం."

"ఆపిల్‌ది పన్నెండు డాలర్లు. డబ్బు బడి కప్పుకే."

"అయితే గుమ్మడికాయది ఇవ్వు."

"అదీ కప్పుకే."

చేతిలో పై పెట్టి, మోచెయ్యి పట్టుకుని, కారు దాకా దిగబెట్టింది. ఆ తర్వాత గ్రబర్ మూడుసార్లు కారు తిప్పుకుని వచ్చాడు. మూడుసార్లూ ఆవిడ తలుపు దగ్గరే ఉంది.

సాయంత్రం రేడియోలో ఫలితం చెప్పారు. బాండు ఒక్క ఓటుతో గెలిచింది.

"ఒక్క ఓటా!" గ్రబర్ బల్ల గుద్దాడు. "నేను వేసుంటే సమానమై వీగిపోయేదే! పోన్లే, నీదీ పడలేదుగా."

"నాది రెండు వారాల కిందటే పోస్టులో పంపేశాను."

"ఒట్టేశావు!"

"ఇవాళ వెయ్యనన్నాను. వెయ్యలేదు."

గ్రబర్ కుర్చీ తన్నుకుంటూ లేచాడు. "ఇక చచ్చినా నీ మాట నమ్మను! వచ్చే ఎన్నికకి చూసుకుందాం!"

"నేను ఈ ఎన్నికకే నీ మాట నమ్మలేదు," అంది లొరెట్టా, గుమ్మడికాయ పై కోస్తూ.