మస్తానమ్మ లేహ్యం

ఆ రోజుల్లో ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు పొద్దున ఒకటే బస్సు. దాని హారన్ విని ఊళ్లో పొయ్యిలు వెలిగించేవారు. పందొమ్మిది వందల యాభై ఆరులో ఒక పొద్దున, కొయ్య గరిటెలు చెక్కే పెంచలనరసయ్య హెర్నియా ఆపరేషనుకని భార్య మస్తానమ్మతో ఆ బస్సెక్కాడు. ఆమె ఒళ్లో మెంతి లేహ్యం జాడీ.

ఏడాది కిందట నరసయ్య కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోయి ఉలి పట్టలేకపోయాడు. ఆమె లేహ్యం పెట్టిన నెలకే వేళ్లు వదిలాయి, బుగ్గలు పూరీల్లా పొంగాయి. మర్రిపాడు నుంచి కూడా జనం గిన్నెలతో వచ్చారు. నిజానికి పనిచేసింది, గరిటెలమ్మడానికి వెళ్లినప్పుడు మద్రాసు డాక్టరు రాసిన కార్టిసోన్ మాత్రలు. భార్య మురిసిపోతుంటే చెప్పలేక, వాటిని గరిటె కాడను తొలిచి అందులో దాచి, దొంగచాటుగా మింగేవాడు.

ఆత్మకూరు ఆస్పత్రిలో డాక్టర్ రంగనాథం అడిగాడు. "మందులేమన్నా వాడతా ఉండావా?"

"లేహ్యమొకటే సార్" అన్నాడు నరసయ్య, భార్య వైపు చూస్తూ.

"కార్టిసోన్ వాడేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే, కోత పెట్టినాక నాడి పడిపోతాది. ప్రాణం మీదికొస్తాది. ముందే చెప్తే ఇంజక్షన్ వేస్తాం. వాడినావా?"

ఆస్పత్రిలో గుట్టు బయటపడుతుందని నాలుగు రోజులుగా మాత్రలు మానేసిన నరసయ్య తల అడ్డంగా ఊపాడు. "లేదు సార్."

"మరి మొహం ఇంత గుండ్రంగా ఉండాదేం? ఆ మాత్రలకే ఇట్లా ఉబ్బుతాది."

"నా లేహ్యం సార్" అంటూ మస్తానమ్మ జాడీ మూత తీసింది. నర్సు రెబెకమ్మ వేలితో నాకి, బాగుందంది. పక్క మంచం మీది రోగి రత్తయ్య లేచి కూర్చున్నాడు. పది నిమిషాల్లో, ఆపరేషన్ కోసం ఉపవాసమున్న ముగ్గురు రోగులు తలా ఒక ముద్ద మింగేశారు. ముగ్గురి కోతలూ వాయిదా పడ్డాయి.

"మిగిలింది నువ్వే. పద" అన్నాడు డాక్టరు విసుగ్గా.

నరసయ్య ఆపరేషన్ బల్లెక్కాడు. చెబితే ఆమె పరువు, చెప్పకపోతే తన ప్రాణం. నోరు తెరిచేలోపే మస్తానమ్మ లోపలికొచ్చి ఇంటి నుంచి తెచ్చిన గరిటె ఒకటి డాక్టరు చేతిలో పెట్టింది. వంచితే కాడలోంచి మాత్రలు రాలాయి.

"రోజుకు రెండు మింగతాడు సార్. నాలుగు రోజులుగా ముట్టలే. ఇంజక్షన్ వెయ్యండి."

నరసయ్య తెల్లబోయాడు. "నీకు తెలుసా?"

"ఇల్లు ఊడ్చేది నేనే గదయ్యా. పది నెలలుగా తెలుసు."

"మరి చెప్పలేదేమే?"

"లేహ్యానికి గిరాకీ బాగుండాది. నువ్వు చెప్పలేదేం?"

"నువ్వు మురిసిపోతా ఉంటివే."

డాక్టరు ఇంజక్షన్లు వేసి మర్నాడు కోశాడు. ఐదో రోజుకు నరసయ్య వార్డులో తిరుగుతుంటే, అందరూ అదంతా లేహ్యం మహిమేనని జాడీ వైపు చూశారు. మస్తానమ్మ కాదనలేదు.

ఆత్మకూరు పెద్దవాళ్లు ఆ లేహ్యం గురించి ఇప్పటికీ చెబుతారు. గరిటె సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.