తందూరులో బ్యాటరీ

"వంటింట్లో మాత్రం వద్దంటే వద్దు," అంది ముహయ్యో. పొద్దున్నే లేచిన దగ్గర్నుంచి మొగుడితో అదే మాట. "పేలిందంటే గిన్నెలతో సహా పోతాం."

"ఉబ్బిన సెల్లులన్నీ ఏరి పారేశానే. మిగతావి ఒక్కొక్కటీ మీటరు పెట్టి చూశాను," అన్నాడు ఒలిమ్జాన్.

"అంత మంచివైతే తుక్కులోకి ఎందుకొచ్చాయి?"

"ఛార్జరు పోయిందని పారేశారు. అది బ్యాటరీ తప్పా?"

అది పాత కరెంటు స్కూటరులోంచి ఊడదీసిన బ్యాటరీ. దాని అసలు ఛార్జరు ఏ దేశంలో ఉందో ఎవరికీ తెలియదు. టీవీలు బాగుచేసే స్నేహితుణ్ణి బతిమాలి ఒలిమ్జాన్ ఒక పెట్టె తెచ్చాడు. వోల్టేజీ ఎక్కడ ఆగాలో, కరెంటు ఎంత మించకూడదో మీటలు తిప్పి పెట్టుకోవచ్చు. మెల్లగా ఎక్కిస్తూ, వేడెక్కుతోందేమోనని చేత్తో తాకి చూసుకుంటూ పక్కనే కూర్చుంటే మధ్యాహ్నానికి నిండుతుందని అతని ఆశ. నిండితే కొట్టంలో పడున్న మూడు చక్రాల బండి కదులుతుంది. బండి కదిలితే అమ్మ కాలువ అవతల మహ్బూబా ఇంటికి వెళుతుంది.

అమ్మంటే ఒలిమ్జాన్ తల్లి రోబియా బీబీ. మోకాళ్ళు మొరాయించి చలికాలమంతా గడప దాటలేదు. నెలకోసారి స్నేహితురాళ్ళంతా ఒకరింట్లో చేరి, పిలావు తిని, మర్గిలాన్ ఊరందరి సంగతులూ తేల్చే విందుకు వరసగా ఎగ్గొట్టింది. ఈసారీ రాకపోతే ఆమె చోట్లో ఇంకొకరిని చేర్చుకుంటారట. ఇవాళ మహ్బూబా ఇంట్లో విందుకని ఆమె తెల్లవారకముందే తలకి పట్టు రుమాలు కట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది.

ఆ రుమాలు చూశాకే ముహయ్యో మెత్తబడింది. "తందూరులో పెట్టుకో. మట్టికి నిప్పంటుకోదు. నా రొట్టెలు నేను కొనుక్కుంటాలే."

గురువారం ఆ ఇంట రొట్టెలు కాల్చే రోజు. వీధంతటికీ తెలుసు ఆ పొగ. ఇవాళ పొగ రాకపోయేసరికి పక్కింటి సనోబర్ గోడ మీంచి తొంగి చూసింది. తందూరు చల్లగా ఉంది. ఒలిమ్జాన్ చలికి దూదికోటు వేసుకుని, నడుముకి గుడ్డ బిగించి, తందూరులో తలపెట్టి కూర్చున్నాడు. పిలిస్తే తలెత్తాడు. బూడిద పడి కళ్ళు ఎర్రబడి కారుతున్నాయి. మళ్ళీ మీటరు మీదికి చూపు తిప్పి, మాట్లాడొద్దన్నట్టు చెయ్యెత్తాడు.

ఆ ఊళ్ళో చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. మగవాళ్ళు కోటు మీద నడుముకి గుడ్డ బిగిస్తారు. చలికాలం నుంచి బయట కనబడని మనిషి ఆ ఇంట్లో ముసలమ్మ ఒక్కతే. సనోబర్‌కి ఇంకెవర్నీ అడగాల్సిన పని లేకపోయింది; వీధంతా చెప్పి, కాలువ అవతలికీ కబురు పంపింది.

బజారులో ముహయ్యో చేతినిండా రొట్టెలతో ఎదురుపడగానే సనోబర్ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"ధైర్యం తెచ్చుకో అమ్మా."

"పెళ్ళయినప్పటి నుంచీ తెచ్చుకుంటూనే ఉన్నాను వదినా," అంది ముహయ్యో మొగుణ్ణి తలుచుకుని.

వీధి మలుపు తిరిగేసరికి తన గుమ్మం ముందు బల్లలు వేసి ఉన్నాయి. నడుములకి గుడ్డలు కట్టుకున్న మగవాళ్ళు తలలు వంచుకు నిలబడ్డారు. బ్యాటరీ పేలిందన్నమాట అనుకుంది ముహయ్యో. రొట్టెలు నేల మీద పెట్టకూడదు గనుక ఎదురొచ్చిన పెద్దమనిషి చేతుల్లో కుక్కి, పెరట్లోకి పరుగెత్తింది.

ఒలిమ్జాన్ తందూరు దగ్గరే ఉన్నాడు. చెయ్యి బ్యాటరీ మీదే ఉంది.

"ఎవరు పోయారే?" అని గుసగుసగా అడిగాడు. "నలుగురొచ్చి వాటేసుకున్నారు. మీటరు మీంచి ధ్యాస తప్పుతుందని అడగలేదు."

ముహయ్యో అతని వీపు మీద ఒక్కటి చరిచి, ఆ చెయ్యి అక్కడే ఉంచేసి కాసేపు నిలబడిపోయింది.

లోపల్నుంచి ఏడుపు వినబడింది. పెద్దగదిలో ఆడవాళ్ళు రుమాళ్ళు కళ్ళకడ్డం పెట్టుకుని కూర్చున్నారు. విందు మానేసి మహ్బూబా కూడా వచ్చేసింది. "దాని చోటు ఇంకొకరికి ఇస్తామన్నానే, నా నోరు పడిపోను," అని గుండెలు బాదుకుంటోంది. ఆమె పక్కనే, పట్టు రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, రోబియా బీబీ కూడా మర్యాదకి ఏడుస్తోంది. సద్దు విని కర్ర పొడుచుకుంటూ వచ్చి చేరింది పాపం.

కాసేపయ్యాక మహ్బూబాని మోచేత్తో పొడిచి, "ఇంతకీ ఎవరికోసమే?" అని అడిగింది.

మహ్బూబా తిరిగి చూసింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. "నీకోసమే," అంది చివరికి.

రోబియా బీబీ రుమాలు దించింది. "అయితే నా చోటు?"

"ఎవరికీ ఇవ్వనే. నువ్వు నిజంగా పోయినా ఇవ్వను."

ఏడుపు నవ్వులోకి ఎప్పుడు తిరిగిందో ఎవరికీ తెలియలేదు. చావింటికని సనోబర్ తెచ్చిన మాంసం పులుసు, ముహయ్యో కొన్న రొట్టెలు వేసుకుని విందు అక్కడే జరిగిపోయింది. మగవాళ్ళకి గుమ్మం దగ్గరికే టీ పంపారు. సాయంత్రం బ్యాటరీ నిండింది. బండి కదిలింది. ఏడ్చి ఏడ్చి నీరసపడ్డ మహ్బూబాని వెనక కూర్చోబెట్టుకుని, రోబియా బీబీ తనే నడుపుతూ కాలువ దాటించి వచ్చింది. ఒలిమ్జాన్ పక్కన నడుస్తూనే ఉన్నాడు. మధ్యమధ్య వంగి, బ్యాటరీ వేడెక్కిందేమోనని చెయ్యి పెట్టి చూశాడు.

రాత్రి భోజనాల దగ్గర అందరూ కూర్చున్నాక రోబియా బీబీ రొట్టె తుంచుతూ నెమ్మదిగా చెప్పింది.

"ఇక నుంచి గురువారం తందూరు బ్యాటరీకి. రొట్టెలు శుక్రవారం కాల్చుకుందాం."

"అలాగే అత్తయ్యా," అంది ముహయ్యో. "ముందే ఇరుగుపొరుగుకి చెప్పి వస్తాను."

"ఏం అక్కర్లేదు," అంది అత్తగారు. "సనోబర్ పులుసు బాగుంది."