పరుపుల షాపులో దురద

నోరు తెరిస్తే ఇక మూయదని పరుపుల షాపులో అమ్మకాలు చూసే ఆమెను అందరూ రేడియో అంటారు. అలాంటి రేడియో అయిదో నెల వచ్చినా ఒక్క కబురు మాత్రం కడుపులోనే దాచుకుంది. కొత్తగా తెరవబోయే రెండో షాపు తనకే అప్పగిస్తారని ఆమె ఆశ. విషయం తెలిస్తే యజమాని విశ్రాంతి తీసుకోమ్మా అంటూ దాన్ని ఇంకొకరి చేతిలో పెడతాడేమోనని భయం.

ఆ రోజు హోటలు నడిపే ఒకావిడ గదులన్నిటికీ పరుపులు చూడ్డానికి వస్తోంది. ఆ బేరం కుదిర్చి, ఆ ఊపులోనే యజమానికి చెప్పేయాలని రేడియో అనుకుంది. వచ్చిన చిక్కల్లా దురదతోనే. రక్తపరీక్ష చేయించిన డాక్టరమ్మ భయమేమీ లేదనీ, చర్మం సాగుతున్నందుకే ఆ దురదనీ, వదులైన నూలు బట్టలు వేసుకుని చన్నీళ్ల గుడ్డ అద్దుకోమనీ చెప్పింది. భర్త వీపుకి లోషన్ రాసి, ఏం జరిగినా గోక్కోవద్దని మరీ మరీ చెప్పి పంపాడు.

హోటలావిడ ఒక్కో పరుపూ నొక్కి చూస్తుంటే రేడియో స్ప్రింగుల గురించీ దూది గురించీ గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. సరిగ్గా అప్పుడే పొట్ట దగ్గర మొదలైన దురద వీపుకి పాకింది. పంటి బిగువున కాసేపు ఓర్చుకుంది. ఆవిడ అటు తిరగగానే స్తంభం చాటుకి వెళ్లి, దాని అంచుకి వీపు ఆనించి హాయిగా రుద్దుకుంది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా యజమాని.

"ఏమైందమ్మా?"

"ఏదో కుట్టినట్టుంది సార్," అంది నోటికొచ్చినట్టు.

యజమాని మొహంలో నెత్తురుచుక్క లేదు. పరుపుల షాపులో కుట్టేది నల్లి కాక ఇంకేముంటుంది? గోదాం చూసే మనిషిని పిలిచి, స్తంభం పక్కనున్న పరుపును చప్పుడు కాకుండా ఎండలో పడేయమని చెవిలో చెప్పాడు. నల్లి మాట వినగానే అతనికి మెడ దురద పుట్టింది. అతను గోక్కోవడం చూసి యజమానికి మోచేయి దురద పుట్టింది. ఇద్దరూ కంగారుపడి ఆ పక్క పరుపు, దాని పక్క పరుపు, చివరికి వరస మొత్తం వీధిలోకి చేర్చారు. ఇదేమిటని హోటలావిడ అడిగితే, రోజూ ఎండ చూపించడం మా షాపు పద్ధతి మేడం అన్నాడు యజమాని, చంక గోక్కుంటూ.

వీధిలో జనం మూగారు. తగ్గింపు ధరలనుకుని కొందరు బేరాలు మొదలుపెట్టారు. ఒక పెద్దాయన ఎలా ఉందో చూద్దామని పడుకుని అలాగే నిద్రపోయాడు. ఈలోగా యజమాని ఫోను చేసి రప్పించిన పురుగుల మందు మనిషి మూతికి గుడ్డ కట్టుకుని షాపులోకి గొట్టం గురిపెట్టాడు.

అది చూడగానే రేడియో చేతులు పొట్ట మీదికి వెళ్లాయి. ఇక కొత్త షాపూ గుర్తులేదు, బేరమూ గుర్తులేదు. వెళ్లి అడ్డంగా నిలబడింది.

"మందు కొట్టొద్దు. ఇక్కడ నల్లుల్లేవు సార్. నాకు అయిదో నెల. ఆ దురద నాది."

ముందుగా నవ్వింది హోటలావిడే. తన కవలల కాన్పుకి ముందు హోటల్లో తలుపులన్నీ వీపుతోనే నున్నగా చేశానని చెప్పింది. తర్వాత వీధిలో గురకపెడుతున్న పెద్దాయన్ని చూపించి, "ఇంత గోలలో కూడా ఆయన లేవలేదు. గదులన్నిటికీ ఆ రకమే వేయించండి," అంది.

యజమాని తల పట్టుకుని కూర్చున్నాడు. "ఈ ముక్క పొద్దున్నే చెప్తే పోయేది కదమ్మా?"

"కొత్త షాపు ఇవ్వరేమోనని..."

"గొట్టానికి ఎదురు నిలబడ్డదానివి, షాపు చూసుకోలేవా? పురుడు పోసుకుని రా. అప్పటిదాకా తెరవను."

సాయంత్రానికి రేడియో దురద చల్లబడింది. యజమాని మాత్రం గోక్కుంటూనే ఉన్నాడు. ఆయనకి ఎన్నో నెలని ఎవరూ అడగలేదు.